తోక పట్టుకుంటే పాము కాటేస్తుంది

"నీటి బుడగ బతుకు బిడ్డా, ఏడ్చి ఏం లాభం? గుండె రాయి చేస్కో."

పరామర్శకు వెళ్ళిన ఇంట్లో ఈ మాట వినని వాళ్ళుండరు. మేముండే జనగామలోనైనా, మా పుట్టింటివైపు మానుకోటలోనైనా, మా చెల్లెలి కాపురమున్న భూపాలపల్లి బొగ్గుగనుల కాలనీలోనైనా మాట మాత్రం ఒక్కటే. మహబూబాబాద్ అని బోర్డుల మీద ఎంత రాసినా మాకది మానుకోటే లెండి! 2016 అక్టోబరులో ఈ మూడూ వేర్వేరు జిల్లాలయ్యాయి. అంతకుముందు అందరం ఒక్క వరంగల్ జిల్లా వాళ్ళమే. జిల్లాలు విడిపోయాయి గానీ ఓదార్చే మాటలు విడిపోలేదు.

అనేవాళ్ళు మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ మాట విన్న ఆడమనిషి ముఖం ఎప్పుడైనా గమనించారా? సగం ఏడుపు గొంతులోనే ఆగిపోతుంది. బతుకే బుడగ అయినప్పుడు ఏడవడం తప్పన్నమాట. అప్పెంత ఉందని అడగడం తప్పన్నమాట. పొలంలో తన వాటా సంగతి ఎత్తడం మరీ పెద్ద తప్పన్నమాట. ఓదార్పుకని చెప్పిన పోలిక నోటికి తాళమవుతుంది.

బతుకును బుడగతోనూ, దీపంతోనూ, కుండతోనూ పోల్చడం మనకు కొత్త కాదు. అన్ని మతాల్లోనూ ఉన్నదే. అయితే ఈ పోలికల్ని బౌద్ధం వాడుకున్నంత విరివిగా, అంత ఇష్టంగా వాడుకున్నవాళ్ళు తక్కువ. పాలీ గ్రంథాల్లో ఏ పేజీ తిప్పినా ఏదో ఒక ఉపమానం ఎదురవుతుంది. మరి ఆ ఉపమానాలు నిజంగా "నోరు మూసుకుని భరించు" అనే చెబుతున్నాయా? ఒకసారి చూద్దాం రండి.

బుడగ చెప్పిందేమిటి?

సంయుత్త నికాయంలో ఫేణ సుత్తం అని ఒకటుంది. ఫేణం అంటే నురుగు. గంగ ఒడ్డున కూర్చుని బుద్ధుడు భిక్షువులతో మాట్లాడుతూ ఐదు పోలికలు చెబుతాడు. శరీరం ఏట్లో కొట్టుకుపోయే నురుగులాంటిది. సుఖదుఃఖాల అనుభూతి వాన చినుకుకు లేచే బుడగలాంటిది. మన గుర్తింపులూ ఊహలూ ఎండమావులు. మన సంకల్పాలు అరటి బోదెలాంటివి, పొర తరువాత పొర ఒలిచినా లోపల చేవ దొరకదు. ఇక మనసు గారడీవాడి ఆట.

జాగ్రత్తగా చూడండి. ఇక్కడ బుడగతో పోల్చింది మనిషిని కాదు, మనిషికి కలిగే బాధను! ఇవాళ గుండెలు పగిలేంతగా ఉబ్బిన దుఃఖం కూడా ఎప్పటికీ ఇలాగే నిలిచి ఉండదని ఆ మాటకు అర్థం. పోయినవాడికి విలువ లేదని గానీ, మిగిలినదాని గోడు వినక్కర్లేదని గానీ కాదు.

నిజంగా బతుకునే బుడగతో పోల్చిన సుత్తం ఇంకొకటి ఉంది. అంగుత్తర నికాయంలోని అరక సుత్తం. పూర్వం ఎప్పుడో అరకుడనే గురువు ఉండేవాడట. ఆ కాలంలో మనుషుల ఆయుష్షు అరవై వేల ఏళ్ళట. ఆడపిల్లకు ఐదొందల ఏళ్ళు వస్తే గానీ పెళ్ళీడు వచ్చినట్టు కాదట! ఈ మాట చదివినప్పుడు నవ్వొస్తుంది. పది పాసవ్వగానే సంబంధాలు చూసే మన అమ్మానాన్నలు ఆ రోజుల్లో ఏమైపోయేవారో!

సరే, అంత ఆయుష్షున్న మనుషులకు కూడా అరకుడు చెప్పింది ఒకటే. బతుకు గడ్డిపోచ మీది మంచుబొట్టు, నీటి మీది బుడగ, కర్రతో నీళ్ళ మీద గీసిన గీత, కాగే పెనం మీద వేసిన మాంసం ముక్క అని. అరవై వేల ఏళ్ళవాళ్ళకే అలా అయితే నూరేళ్ళు బతకడమే గగనమైన మన సంగతేమిటని బుద్ధుడు అడుగుతాడు. అడిగి ఊరుకోడు. చెట్ల నీడలున్నాయి, ఖాళీ ఇళ్ళున్నాయి, కూర్చుని ధ్యానం చేయండి, ఏమరుపాటు వద్దు, తరువాత పశ్చాత్తాపపడవద్దు అంటాడు.

అంటే బుడగ మాట చివర ఉన్నది "ఊరుకో" కాదు, "ఆలస్యం చేయకు" అన్నది. రెంటికీ ఎంత తేడా!

పడగ విప్పిన కొండ

ఒక మంచి మాట ఇంత తలకిందులు ఎలా అవుతుంది? దానికీ బుద్ధుడు ఒక ఉపమానం చెప్పాడు. అది చెప్పేముందు మిమ్మల్ని మా ఊరికి దగ్గర్లోనే ఉన్న ఒక గుట్ట దగ్గరికి తీసుకెళ్ళాలి.

జనగామ నుంచి సూర్యాపేట పోయే రోడ్డులో తిరుమలగిరి దాటాక నాగారం మండలంలో ఫణిగిరి అనే ఊరుంది. ఊరి పక్కన గుట్ట పాము పడగ విప్పినట్టు ఉంటుందని ఆ పేరు. సుమారు రెండు వేల ఏళ్ళ కిందట, శాతవాహనుల, ఇక్ష్వాకుల కాలంలో, ఆ గుట్ట మీద బౌద్ధ భిక్షువులు నివసించారు. నిజాం హయాంలో 1940ల మొదట్లో అక్కడ ఒకసారి తవ్వారు. మళ్ళీ 2001 నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే మహాస్తూపం, చైత్యగృహాలు, విహారాలు, బుద్ధుడి జీవిత ఘట్టాలు చెక్కిన సున్నపురాయి పలకలు బయటపడ్డాయి. 2003లో తోరణం భాగాలు దొరికాయి. 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి బౌద్ధ కళ మీద పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు ఫణిగిరి శిల్పాలు అంత దూరం వెళ్ళివచ్చాయి. ఆ ప్రదర్శన పేరేమిటో తెలుసా? "చెట్టూ, సర్పమూ"!

2024 మార్చిలో అదే చోట ఒక మట్టికుండలో 3,730 సీసం నాణేలు దొరికాయి. దేహం మట్టికుండలాంటిదని తెలుసుకోమని ధమ్మపదం అంటుంది. దాచిన చెయ్యి ఎప్పుడో మన్నైపోయింది, దాచిన కుండ మాత్రం అన్ని వందల ఏళ్ళు మట్టిలో ఉండిపోయింది. ఉపమానాలు పుస్తకాల్లోనే కాదు, పలుగూ పారా తగిలినప్పుడు కూడా పైకి వస్తాయి!

ఇక పాము సంగతి. మజ్ఝిమ నికాయంలో అలగద్దూపమ సుత్తం ఉంది. పాము పోలిక చెప్పిన సుత్తం అని ఆ పేరుకు అర్థం. పామును పట్టాలని వెళ్ళినవాడు తోక దగ్గరో, నడుం దగ్గరో పట్టుకుంటే అది వెనక్కి తిరిగి చేతి మీద కాటేస్తుంది. చీలిక కర్రతో తలను అదిమి, మెడ దగ్గర పట్టుకున్నవాడికి భయం లేదు. ధర్మమూ అంతే, తప్పుగా పట్టుకుంటే పట్టుకున్నవాడికే హాని అంటాడు బుద్ధుడు.

తన బోధనే పాముతో పోల్చుకున్న గురువు ఎంత ధైర్యవంతుడో ఆలోచించండి. నా మాట మంచిదే, కానీ పట్టుకోవడం తెలియకపోతే అదే విషమవుతుందని ముందే హెచ్చరించాడు. "నీటి బుడగ బతుకు" అని ఆడదాని నోరు మూయించడం సరిగ్గా తోక పట్టుకోవడమే. కాకపోతే మన ఊళ్ళలో తోక పట్టుకునేవారు ఒకరు, కాటు తినేవారు ఇంకొకరు.

రెండు వేళ్ళ తెలివి

ఈ పోలికలన్నీ పండితుల సొత్తనీ, ఆడవాళ్ళకు అందనివనీ అనుకునేవారు ఆ కాలంలోనూ ఉన్నారు. థేరీగాథలో సోమ అనే భిక్షుణి కథ వస్తుంది. ఆమె ఒంటరిగా అడవిలో ధ్యానంలో ఉంటే మారుడు వచ్చి ఎగతాళి చేస్తాడు. రుషులకే అందని స్థానం రెండు వేళ్ళ తెలివి ఉన్న ఆడదానికి అందుతుందా అని.

రెండు వేళ్ళ తెలివి ఏమిటంటారా? అన్నం ఉడికిందో లేదో రెండు వేళ్ళ మధ్య మెతుకు నలిపి చూస్తామే, అదేనని వ్యాఖ్యానకారులు చెప్పారు. పుట్టినప్పటి నుంచీ వండుతున్నా ప్రతిసారీ మెతుకు పట్టి చూస్తే గానీ తెలియదు కదా ఈ ఆడవాళ్ళకు అని వెక్కిరింత. మనసు కుదురుకుని, ఉన్నది ఉన్నట్టు చూడగలిగినప్పుడు ఆడతనం అడ్డెలా అవుతుందని సోమ ఎదురు అడుగుతుంది. మారుడు చిన్నబోయి వెళ్ళిపోతాడు.

అసలు మెతుకు పట్టి చూడటంలో తక్కువేముంది చెప్పండి? కుండెడు అన్నం సంగతి ఒక్క మెతుకుతో తేల్చేయడం చిన్న తెలివా? ఒక్కదాన్ని చూసి అన్నిటి సంగతీ తెలుసుకోవడమే కదా ఉపమానం చేసే పని! ఆ లెక్కన రోజూ పొయ్యి దగ్గర మనం చేస్తున్నదీ అదే.

థేరీగాథ తొలితరం బౌద్ధ భిక్షుణుల పాటల పుస్తకం. 73 మంది పేర్ల మీద పాటలున్నాయి. ప్రపంచంలో ఆడవాళ్ళ గొంతు వినిపించే అతి పాత సంకలనాల్లో ఇదొకటి. మన హైదరాబాద్‌లో ఉండి సూసీ తారు, కె.లలిత భారతీయ స్త్రీల రచనల్ని సంకలనం చేసి 1991లో మొదటి సంపుటం తెచ్చినప్పుడు దాన్ని ఈ పాటలతోనే మొదలుపెట్టారు. అందులో ముత్త అనే ఆమె తనకు మూడు వంకరల నుంచి విడుదల దొరికిందంటుంది. రోలు, రోకలి, వంకర మొగుడు! అంత మాట అన్నాక, అసలు చావుపుట్టుకల నుంచే విడుదల పొందానని ముగిస్తుంది. వంటింటి వస్తువుతో మొదలుపెట్టి మోక్షం దాకా వెళ్ళింది చూడండి.

భిక్షువులూ వంటింటి గడప తొక్కక తప్పలేదు. మిళిందుడనే గ్రీకు రాజు నాగసేనుడిని అడుగుతాడు, పుట్టిన పసివాడూ పెరిగిన మనిషీ ఒకరేనా, వేరువేరా అని. నాగసేనుడు దీపం పోలిక చెబుతాడు. సాయంత్రం వెలిగించిన మంటా, తెల్లవారుజామున ఉన్న మంటా ఒకటేనా? ఒకటీ కాదు, వేరూ కాదు. ఇంకా తేలిగ్గా పాల పోలిక చెబుతాడు. పాలు తోడుకుంటే పెరుగు, చిలికితే వెన్న, కాస్తే నెయ్యి. నెయ్యిని పాలు అంటామా? అనం. పాలు లేకుండా నెయ్యి వచ్చిందా? రాలేదు.

అత్తారింట్లో ఇరవై ఏళ్ళు గడిచాక పుట్టింటి గడపలో నిలబడి, "ఇక్కడ గోళీలాడిన పిల్ల నేనేనా?" అని అనుకోని ఆడది ఉంటుందా? ఆ ప్రశ్నకు నాగసేనుడి జవాబు కన్నా మంచి జవాబు దొరకదు. మీరు ఆ పాలూ కాదు, ఆ పాలకు పరాయీ కాదు. మారడం ద్రోహం కాదు, అది బతుకు స్వభావం.

గుప్పెడు ఆవాలు

కిసాగోతమి కథ మన బడి పుస్తకాల దాకా వచ్చినదే. చచ్చిపోయిన బిడ్డను చంకనేసుకుని మందు కోసం తిరుగుతున్న తల్లిని, చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మని బుద్ధుడు పంపుతాడు. ఆవాలు లేని ఇల్లు లేదు, చావు ఎరగని ఇల్లూ లేదు. అది తెలిసి ఆమె బిడ్డను దింపుతుంది. అందరూ చచ్చేవాళ్ళే, ఊరుకో అన్నదే నీతి అని మనకు చెప్పి వదిలేస్తారు.

కానీ బుద్ధుడు ఆ మాట ఆమెతో అనలేదు! అనగలిగీ అనలేదు. ఇంటింటికీ పంపాడు. ఆమె గడప గడపకూ వెళ్ళి తలుపు తట్టింది. తలుపు తీసినవాళ్ళు ఆవాలు ఇవ్వబోయారు. ఆమె అడిగింది. మా మామ పోయాడనీ, మా కూతురు పోయిందనీ వాళ్ళు చెప్పుకొచ్చారు. ఒక్కపూటలో ఆమె ఎన్ని ఇళ్ళ దుఃఖం విని ఉంటుంది! ఎంతమంది ఎదురుగా తన దుఃఖం చెప్పి ఉంటుంది! ఆవగింజ అనేది వంక. అసలు మందు ఆ మాటలు. ఏడ్చేదాని నోరు మూయించలేదు, ఊరందరి నోరూ తెరిపించాడు. ఆవాల పోలికను మెడ దగ్గర పట్టుకోవడమంటే ఇది.

పటాచార కథ ఇంకా భరించలేనిది. ఒక్క రోజు తేడాలో మొగుణ్ణి పాము కాటేసింది, ఒక బిడ్డను గద్ద తన్నుకుపోయింది, ఒక బిడ్డను ఏరు తీసుకుపోయింది, పుట్టిల్లు కూలి అమ్మానాన్నా పోయారు. పిచ్చిదై తిరిగి, చివరికి భిక్షుణి అయింది. ఒకరోజు కాళ్ళు కడుక్కుంటూ నీళ్ళు పోస్తే, మొదటి చెంబు నీళ్ళు కాస్త దూరం పారి ఇంకిపోయాయి. రెండోసారి పోసినవి ఇంకొంచెం ముందుకు, మూడోసారివి ఇంకా ముందుకు. పసితనంలో పోయేవాళ్ళూ, నడివయసులో పోయేవాళ్ళూ, ముసలితనంలో పోయేవాళ్ళూ ఆమె కళ్ళకు కట్టారు. రాత్రి గదిలోకి వెళ్ళి, సూదితో వత్తిని కిందికి లాగి దీపం ఆర్పింది. ఆ దీపంతో పాటు మనసులోని మంటా ఆరింది.

కాళ్ళు కడిగిన నీళ్ళు, దీపపు వత్తి, సూది. ఏ ఇంట్లో లేవివి? గురువు చెబితే వచ్చిన పోలిక కాదిది, తన పెరట్లో తానే కనుక్కున్నది. ఆ తరువాత బిడ్డల్ని పోగొట్టుకున్న వందల మంది తల్లులు ఆమె దగ్గరికే వచ్చారని థేరీగాథ చెబుతుంది. కాలినవాళ్ళకే కదా ఇంకొకరి కాలిన గాయం మీద చెయ్యి ఎలా వేయాలో తెలిసేది.

రెండో బాణం

బుద్ధుడికి ఉన్న పేర్లలో వైద్యుడన్నది ఒకటి. బాణం ములుకు తీసేవాడని ఇంకొకటి. ఫణిగిరిలో దొరికిన ఒక శాసనం ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరం నాటిది. అక్కడ ధర్మచక్ర స్తంభాన్ని నిలిపినవాడు ప్రధాన వైద్యుడని అందులో ఉంది. రోగాలు చూసే మనిషికి దుఃఖం కూడా రోగమేననీ, దానికీ కారణం ఉందనీ, నయమయ్యే దారి ఉందనీ చెప్పే ధర్మం నచ్చడంలో ఆశ్చర్యమేముంది!

సల్లత్థ సుత్తంలో ఈ బాణం పోలిక వస్తుంది. ఒక మనిషికి బాణం తగిలింది. వెంటనే ఇంకో బాణమూ తగిలింది. మొదటిది దెబ్బ, రెండోది ఆ దెబ్బను తలచుకుని మనసు పడే యాతన. తెలిసినవాడికి మొదటి బాణం ఒక్కటే తగులుతుంది, తెలియనివాడికి రెండూ తగులుతాయి.

సుత్తంలో రెండో బాణం మన మనసు వేసుకునేది. మన ఊళ్ళలో మాత్రం దాన్ని వేయడానికి చుట్టూ బోలెడుమంది సిద్ధంగా ఉంటారు. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తికి పురుగు పట్టి, పంట పోయి, అప్పుల పాలై ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఇళ్ళలో మిగిలిన ఆడవాళ్ళకు మొగుడు పోవడం మొదటి బాణం. "నీ కాలు పెట్టిన వేళ", "నీ జాతకం", "నువ్వు కనిపెట్టుకుని ఉంటే పోయేవాడా" అన్నవి తరువాతి బాణాలు. మానుకోట మిరప చేలల్లో కూలికి పోతూ, మొగుడి అప్పు తీరుస్తూ ఇద్దరు పిల్లల్ని చదివించుకున్న ఒకామె నాతో అన్నది, "అప్పులోళ్ళ మాట పడొచ్చమ్మా, సుట్టాల మాటే పడలేం." ఏ సుత్తం చదవకుండానే ఆమె రెండో బాణాన్ని గుర్తుపట్టింది.

విషపు బాణం తగిలినవాడు, కొట్టినవాడి కులమేమిటో, విల్లు ఏ కర్రతో చేసిందో తెలిసేదాకా ములుకు తీయనివ్వనంటే ప్రాణం పోతుందని ఇంకో సుత్తం చెబుతుంది. ఏ జన్మ కర్మో అని మనం ఆరా తీయడం అలాంటిదే. ముందు ములుకు తీయాలి. అప్పు కాగితాలు చూడాలి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయిన భర్త ఆస్తిలో భార్యకు పిల్లలతో సమానంగా హక్కు ఉందని ఆమెకు చెప్పాలి. ఇదీ ధర్మమే.

తెప్పను నెత్తిన మోస్తామా?

పాము పోలిక చెప్పిన ఆ సుత్తంలోనే తెప్ప పోలిక కూడా ఉంది. ఏరు దాటడానికి ఒకడు కొమ్మలూ గడ్డీ కలిపి తెప్ప కట్టుకుంటాడు. చేతులూ కాళ్ళూ ఆడిస్తూ ఒడ్డు చేరతాడు. ఇంత మేలు చేసింది కదా అని దాన్ని నెత్తిన పెట్టుకుని నడుస్తాడా? ఒడ్డున వదిలి తన దారిన పోతాడు. నా ధర్మమూ తెప్పలాంటిదే, దాటడానికి గానీ మోయడానికి కాదంటాడు బుద్ధుడు.

భూపాలపల్లి జిల్లాలో ప్రాణహిత గోదావరిలో కలిసే కాళేశ్వరం దగ్గర నిలబడితే ఈ పోలిక వివరించి చెప్పక్కర్లేదు. వంతెన పడకముందు అవతలి సిరోంచకు పడవలోనే పోయేవాళ్ళు. దిగాక పడవను ఎవరూ భుజాన వేసుకోలేదు.

మనం మాత్రం ఎన్ని తెప్పలు మోస్తున్నామో! మనిషి పోయినప్పుడు చేసే తంతులు ఒకప్పుడు ఇంటివాళ్ళను దుఃఖం దాటించడానికే పుట్టి ఉండవచ్చు. పదిమంది చేరడానికీ, పది రోజులు ఒంటరిగా వదలకుండా ఉండటానికీ అవి పనికొచ్చే ఉంటాయి. కానీ ఆమె గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, శుభకార్యంలో ఎదురు రావద్దనడం ఎవరిని ఏ ఒడ్డుకు చేరుస్తున్నాయి? దాటించని తెప్పను, పైగా ముంచే తెప్పను, ఆడవాళ్ళ నెత్తినే ఎందుకు పెడుతున్నాం? పెట్టే చేతుల్లో మన చేతులూ ఉంటున్నాయి కదా!

ఉపమానం కత్తిపీటలాంటిదే. కూర తరగడానికీ పనికొస్తుంది, వేలు తెగడానికీ. బౌద్ధం అందించిన పోలికలన్నీ మన ఇళ్ళలో ఉన్న వస్తువులే. ఆవాలు పోపులపెట్టెలో ఉన్నాయి, వత్తి దేవుడి గూట్లో ఉంది, పాలు పొయ్యి మీద ఉన్నాయి. వాటిని ఎక్కడ పట్టుకోవాలన్నదే మనం నేర్చుకోవలసింది. ఒక మనిషిని లేపి నిలబెడితే పోలికను సరిగ్గా పట్టుకున్నట్టు. కూలబెడితే, ఎంత పెద్ద గ్రంథంలోదైనా సరే, తోక పట్టుకున్నట్టే.

ఈసారి ఏ ఇంటికైనా పరామర్శకు వెళ్ళినప్పుడు బుడగ మాట పక్కన పెట్టండి. ఆమె పక్కన చాప మీద కూర్చోండి. పోయినవాళ్ళ గురించి ఆమెనే చెప్పనివ్వండి. మీ ఇంట్లో పోయినవాళ్ళ గురించి మీరూ చెప్పండి. వచ్చేముందు పిల్లలు తిన్నారా అని అడిగి, పొయ్యి మీద ఇంత అన్నం పడేసి రండి. ఉడికిందో లేదో రెండు వేళ్ళతో మెతుకు పట్టి చూడటం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా!